లేని ఎర్ర చొక్కా

"దుప్పటి కట్టవే. ముందు ఆ కన్నానికి దుప్పటి కట్టు," అంది ఎవ్డోకియా. "ఎలుక మొహం చూస్తూ నా మొగుడి గోధుమలు ఆరబెట్టలేను."

కన్నానికి అవతల ఎలుక మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"నేనూ అదే చెబుతున్నానమ్మగారూ," అన్నాడు వింకో షారిచ్. "నిన్న పొద్దున్నుంచీ మీ వంటిల్లు నా పడగ్గదిలోకి వచ్చి కూర్చుంది. కాస్త మందపాటి దుప్పటి చూడండి. మీ చిక్కుళ్ళ పులుసు వాసన కూడా ఆగేలాగ."

ఎవ్డోకియా కూతురు స్తమాతియా కుర్చీ ఎక్కి రెండు మేకులు కొట్టింది. మేకు దిగిన ప్రతిసారీ గోడలోంచి గులాబీరంగు దుమ్ము రాలి కింద బల్లమీద పరిచిన గోధుమల మీద పడింది. ఆదివారం తండ్రి పదో సంస్మరణ. మా గ్రీకు చర్చిలో ఊరందరికీ పంచాల్సిన గోధుమలవి. ఉడికించి, తెల్లబట్ట మీద ఆరబోసి, చక్కెర కలిపి, పైన దానిమ్మగింజలతో చనిపోయినవాడి పేరు రాస్తారు. ఎవ్డోకియా దుమ్ము పడ్డ గింజల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతోంది. ఆమె లెంట్ ఉపవాసంలో ఉంది. నలభై రోజులు నూనెచుక్క ముట్టదు. అబద్ధానికి మాత్రం ఆమె దగ్గర ఉపవాసం లేదు.

మా ఊళ్ళో ఇళ్ళు కట్టరు, తవ్వుతారు. బయట ఎండ మనిషిని వేపుకు తినే చోట కొండ కడుపులో గదులు తొలుచుకుని బతుకుతాం. ఊరి పొలిమేర లోపల ఓపల్ రాళ్ళ కోసం తవ్వకూడదు, చట్టం. సొంత ఇల్లు పెద్దది చేసుకోవచ్చు, అదీ చట్టమే. అందుకే మా ఊళ్ళో ఇద్దరు మనుషులున్న ఇంటికి పదకొండు గదులు. ఎవణ్ణి అడిగినా అల్మారాకి చోటు చాల్లేదంటాడు.

స్తమాతియా తమ్ముడు తాకిస్‌కి హఠాత్తుగా తల్లిమీద ప్రేమ పుట్టింది. ఆమె ఊరగాయ సీసాలకి వంటింట్లోనే ఇంకో గదంత చోటు కావాలన్నాడు. మూడు వారాలు డ్రిల్లు పట్టుకుని, గోడలో వేలెడు మందాన పారిన ఒక రాతిచార ఓపల్ అనుకుని దాని వెంట గుడ్డివాడిలా పోయాడు. నిన్న పొద్దున డ్రిల్లు మొన వింకో తలగడ పక్కన తేలింది.

తలగడ మీద ఆ సమయానికి తల లేకపోవడం తాకిస్ చేసుకున్న ఒకే ఒక్క పుణ్యం.

"పదకొండింటికి గనుల ఇన్‌స్పెక్టరు వస్తుంది," అన్నాడు తాకిస్. ఫిర్యాదు అతనే ముందు చేశాడు. దొంగకి ఉండే తొందర అది. "అక్కా, ఇలా రా. నీతో మాట్లాడాలి."

"ఇక్కడే మాట్లాడు."

"దుప్పటి గోడ కాదే, మొద్దూ!" అని తల్లి ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయింది.

*

లోపలి గదిలో తండ్రి అనెస్తిస్ కరమిత్సోస్ ఫొటో ఉంది, దాని ముందు నూనెదీపం ఉంది. ఫొటోలో ఆయన నవ్వుతున్నాడు. బతికున్నప్పుడు ఆ నవ్వు చూసి ఊళ్ళో ఎవరైనా ఆయనకి తాళంచెవులు అప్పగించేవాళ్ళు.

"వచ్చినావిడకి నేను చెప్పేది ఇదీ," అన్నాడు తాకిస్. "వింకో అటునుంచి తవ్వాడు. మన వంటింట్లో ఉన్న రాయి కోసం. గోడ కూలిన చప్పుడికి నువ్వు పరిగెత్తుకొచ్చావు. దుమ్ములో మనిషి కనిపించాడు."

"కనిపించాడా?"

"ఎర్ర చొక్కా కనిపించింది."

స్తమాతియా తమ్ముడి మొహంలోకి చూసింది. ముప్పై నాలుగేళ్ళ మొహం. తల్లి ఇంకా దానికి సున్నిపిండి రాసి తుడిచినట్టు చూసుకుంటుంది.

"మళ్ళీ ఎర్ర చొక్కానేనా? కొత్త రంగు ఏదీ తట్టలేదా?"

"ఒకసారి పని చేసిందిగా. పైగా ఇప్పుడు వాడు రోజూ అదే వేసుకుని తిరుగుతున్నాడు. పని ఇంకా తేలిక."

"నిజం చెబితే ఏమవుతుంది?"

"నా లైసెన్సు పోతుంది."

"అబద్ధం చెబితే?"

"వాడి ఇల్లు పోతుంది. ఊరొదిలి పోతాడు. ఎలుకేగా, ఇంకో కన్నం చూసుకుంటాడు."

ఓపల్ గనుల్లో పరాయివాడి గొయ్యిలో దిగి రాళ్ళు దొంగిలించేవాణ్ణి ఎలుక అంటారు. హంతకుడికైనా మా ఊళ్ళో కుర్చీ వేస్తారు గానీ ఎలుకకి వెయ్యరు.

"అమ్మా," అంది స్తమాతియా. "ఒకసారి చెప్పించావు. అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు."

"ఇప్పుడు ముప్పయ్యారు. అప్పటికన్నా బాగా చెప్పాలి."

"ఆ రోజు గోతిలోకి దిగింది ఎవరో మన ముగ్గురికీ తెలుసు."

ఎవ్డోకియా దీపం వత్తి సర్దింది.

పదహారేళ్ళ కిందట, ఊరికి ఉత్తరాన పదిహేడో మైలు దగ్గర, అనెస్తిస్‌కీ అతని భాగస్వామి స్తెలియోస్‌కీ ఒక గొయ్యి ఉండేది. చెరిసగం. కాగితాల్లేవు, చేతిలో చెయ్యి వేసుకున్నారు. మా గనుల్లో నియమం ఒక్కటే. గోడలో ఓపల్ రంగు కనిపిస్తే గునపం కింద పెట్టి భాగస్వామిని కేకెయ్యాలి. అనెస్తిస్‌కి రంగు కనిపించింది. కేకెయ్యలేదు. రెండు నెలలపాటు, స్తెలియోస్ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా దిగి, మేలురాళ్ళు జేబులో వేసుకుని పైకొచ్చాడు. ఒకరోజు స్తెలియోస్ ఆ ఖాళీ తొర్ర చూశాడు. "ఎలుక పడింది!" అని గుండెలు బాదుకున్నాడు.

ఊరికి సాయంత్రంలోగా ఎలుక కావాలి. పక్క గోతిలో ఒంటరిగా తవ్వుకునే పాతికేళ్ళ క్రొయేషియావాడు ఉన్నాడు. చుట్టాల్లేరు. అరిచి గోల పెట్టే తల్లి లేదు. చవకగా దొరికాడు.

ఎర్ర చొక్కాలో వింకోని చూశానని చెప్పింది స్తమాతియా.

నాలుగో రోజున వింకో లారీ మందుగుండుకి తునాతునకలైంది. ఎవరు పేల్చారో అందరికీ తెలుసు, ఎవరికీ తెలీదు. అతనితో కలిసి తవ్వేందుకు ఆ తర్వాత ఒక్కడూ రాలేదు. నీళ్ళ ట్యాంకరు నడపడం మొదలెట్టాడు. పదహారేళ్ళుగా అతన్ని ఎలుక అంటూ, ఎలుక తెచ్చిన నీళ్ళతో కాఫీ కాచుకుని, ఎలుక గురించి మాట్లాడుకుంటూ తాగుతున్నాం. మా ఊరి మర్యాద అంత గొప్పది.

"ఆదివారం మీ నాన్న పేరు గోధుమల మీద రాస్తాను," అంది ఎవ్డోకియా. "ఊరంతా తినాలి. స్తెలియోస్ మొదటి గుప్పెడు తినాలి. నువ్వు నోరు జారితే వాడు ఆ గింజలు నా మొహాన ఉమ్ముతాడు. అర్థమైందా?"

"స్తెలియోస్ తాతకి రోజూ రొట్టె పంపిస్తున్నావు. ఎందుకు?"

"దయ."

"దయేనా?"

"నోరుముయ్," అంది తల్లి. తలమీద గుడ్డ సర్దుకుని చర్చి ఫాదర్ దగ్గరికి బయల్దేరింది. తాకిస్ డ్రిల్లుని గోనెలో చుట్టి స్నేహితుడి షెడ్డులో దాచడానికి పోయాడు.

తలుపు మూసుకుంది. గోడ గడియారం పది చూపిస్తోంది.

*

స్తమాతియా వంటింట్లోకి వచ్చి దుప్పటి అంచు జరిపి, గోడలో చార చూసింది. ఆమె పని ఓపల్‌కి సానపట్టడం. తండ్రి చక్రం మీద నేర్చుకుంది. రాయి విలువ తెలియాలంటే తడి కావాలి. గనుల్లో నీళ్ళు దగ్గర లేనప్పుడు మావాళ్ళు చేసేదే చేసింది. మొహం గోడకి ఆనించి నాలుకతో రాయిని తడిపింది.

బూడిదరంగు. అడుగున ఆకుపచ్చ లేదు, ఎరుపు లేదు, ఏమీ లేదు.

"ఏమంటోంది?" అన్నాడు అవతలినుంచి వింకో.

ఆమె ఉలిక్కిపడింది. "ఏమీ అనడం లేదు. ఉత్త పోచ్. దిబ్బమీద పారేసే రాయి."

"నాకు నిన్ననే తెలుసు. నేనూ నాకి చూశాను."

"ఎక్కడ?"

"అక్కడే. మీ ముక్కు ఉన్నచోట."

ఆమె గబుక్కున వెనక్కి జరిగింది. పెదాలు తుడుచుకోబోయి ఆగింది. దుప్పటి అవతల నవ్వు వినిపించింది. పెద్ద మంచి నవ్వేమీ కాదు.

"మరి తాకిస్‌తో చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పాలి? మూడు వారాలు నా నిద్ర చెడగొట్టాడు. రాయి వెలకట్టించుకోడానికి పోయి నలుగురిలో నవ్వులపాలు కానీండి. నాకున్న సరదా అంతే. మీరు చెబుతారా?"

"చెప్పను."

"చూశారా, మనిద్దరికీ ఒక రహస్యం వచ్చింది."

స్తమాతియా కుర్చీలో కూలబడింది. ఇద్దరి మధ్య రహస్యం పదహారేళ్ళ నుంచే ఉంది. ఇవాళ పదకొండింటికి దానికి తోడు ఇంకో అబద్ధం చేరబోతోంది. ఈ మనిషి మాత్రం కాఫీ తాగుతున్నాడు.

"వింకో," అంది.

ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలికి ఎరగరు. అవతల కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

"చెప్పండి."

"ఆ రోజు నేను మిమ్మల్ని చూడలేదు."

"ఏ రోజు?"

"ఏ రోజో మీకు తెలుసు."

"తెలుసు. మీ నోటితో వినాలనుంది."

"పదిహేడో మైలు దగ్గర, మా నాన్న గోతిలోంచి మీరు పైకి రావడం నేను చూడలేదు. నేనసలు గనులవైపే రాలేదు. ఇంట్లో చిక్కుడుగింజలు ఏరుతున్నాను. రాళ్ళు తీసింది నాన్న. చూశానని చెప్పమంది అమ్మ. చెప్పాను."

చెప్పేసింది. అతను అరుస్తాడని, దుప్పటి చించుకుని వస్తాడని ఎదురుచూసింది. గాలిగొట్టంలో గాలి హోరుమంటోంది, అంతే.

"చొక్కా కూడా అమ్మే చెప్పమందా?"

"లేదు. చొక్కా నాదే."

"ఎరుపెందుకు?"

"పోలీసు సార్జెంటు ఇంకేమైనా గుర్తుందా అని అడిగాడు. నాకేం తోచలేదు. కిటికీ అవతల తీగమీద ఎర్ర తువ్వాలు ఆరేసి ఉంది."

"తువ్వాలు!" అన్నాడు వింకో. "పదహారేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నాకు అప్పుడు ఎర్ర చొక్కా లేదు. ఒక్కటీ లేదు. ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ట్యాంకరు నడుపుతూ ఆలోచించేవాణ్ణి. చివరికి ఎవడో మొహం తుడుచుకున్న తువ్వాలు!"

"తిట్టండి."

"తిట్టడం మీ అమ్మగారి పని. ఆవిడ నోటి దగ్గర నేనెంత?"

"మరి ఇప్పుడు వేసుకునే చొక్కా?"

"లారీ పేల్చిన మర్నాడు కొన్నాను. అడిలైడ్ నుంచి అరడజను తెప్పించాను. ఊరంతా కలిసి నాకు చొక్కా కుట్టించాక వేసుకోకపోతే ఏం మర్యాద? ప్రతి గుమ్మం ముందూ ట్యాంకరు ఆపి దిగేవాణ్ణి. ఇదిగో, మీ సాక్ష్యం నడిచొచ్చింది, చూసుకోండని. ఒక్కడికైనా సిగ్గేస్తుందేమోనని. ఎక్కడా? 'ఎలుకకి పొగరు చూడు' అన్నారు. బిందె నింపుకుని ఉమ్మేసి పోయారు."

"నాకు సిగ్గేసింది."

"తెలుసు. మీరొక్కరే నీళ్ళగొట్టం పట్టుకున్నప్పుడు తలెత్తేవారు కాదు."

ఆమె ఇప్పుడూ తలెత్తలేదు. ఎదురుగా దుప్పటే ఉన్నా.

"మంగళవారం మొదటి ట్యాంకరు మా ఇంటికే తెస్తారు, ఎందుకు?" అని అడిగింది. "అమ్మ ఎప్పుడూ అనుమానపడుతుంది, నీళ్ళల్లో ఏమైనా కలిపారేమోనని."

"మొదట్లో కక్షతో తెచ్చాను. ఈ వారం చెబుతుంది, ఈ వారం నోరు విప్పుతుంది, అప్పుడు దాని మొహాన నాలుగు మాటలు అనాలి అని. మాటలు తయారుగా పెట్టుకున్నాను. మంచి మాటలు. క్రొయేషియన్‌లో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని."

"అనండి మరి."

"గుర్తు రావడం లేదు," అన్నాడు విసుగ్గా. "నాలుగైదేళ్ళకి మర్చిపోయాను. ట్యాంకరు మాత్రం అలవాటయింది. మంగళవారం పొద్దున గడ్డం గీసుకోవడం అలవాటయింది. ఇదేం రోగమో నాకు తెలీదు. మిమ్మల్ని అడుగుదామంటే మీరు తలెత్తరు."

స్తమాతియాకి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"మీకు మతి లేదు."

"ఉంటే ఈ ఊళ్ళో ఉంటానా?"

దుప్పటి కిందినుంచి ఒక చెయ్యి వచ్చింది. డీజిల్ మరకలు గోళ్ళదాకా దిగిన చెయ్యి. దాంట్లో నీలంగీత ఉన్న కాఫీ కప్పు. ఆమె అందుకుంది. ఆమె వేళ్ళకి సానరాయి గరుకు, అతని వేళ్ళకి ఇనుము గరుకు. రెండు గరుకులూ తగిలిన చోట ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె పన్నెండు దాకా లెక్కపెట్టింది. తర్వాత లెక్క తప్పింది.

"విను," అన్నాడు. మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు. "నాకు చెప్పావు, చాలు. పదకొండింటికి వచ్చే ఆవిడకి ఏం చెప్పినా నాకు పట్టింపు లేదు. ఎర్ర చొక్కా అని చెప్పుకో. నాకు ఎలుకగా ఉండటం వచ్చు."

ఆమె చెయ్యి లాక్కుంది.

"జాలిపడుతున్నావా?"

"కాదు..."

"మా అమ్మ స్తెలియోస్ తాతకి రొట్టె పంపినట్టు నాకు క్షమాపణ పంపుతున్నావా? నాకొద్దు. నువ్వు ఈ ఊరిని అసహ్యించుకో, మా ఇంటిని అసహ్యించుకో, నన్నూ అసహ్యించుకో. అంతేగానీ నన్ను చంటిపిల్లలా వదిలెయ్యకు."

అవతల మంచం కిర్రుమంది.

"ఆ నాలుగు మాటల్లో," అన్నాడు వింకో మెల్లగా, "ఒకటి ఇప్పుడు గుర్తొచ్చింది. కానీ నీకు తగదు."

తలుపు తెరుచుకుంది.

*

ఎండలోంచి వచ్చిన ఎవ్డోకియా కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరనిమిషం పట్టింది. ఆ తర్వాత ఆమె కూతురి మొహం చూడలేదు. చేతిలోది చూసింది.

"ఆ కప్పు మనది కాదు."

స్తమాతియా కప్పులోంచి ఒక గుటక వేసింది. "కాదు."

"ఎలుక ఎంగిలి తాగుతున్నావు." తల్లి గొంతు పెరగలేదు. అదే భయం. "మీ నాన్న పోయాక ఇన్ని సంబంధాలు తెచ్చాను. ఒకడు పొట్టి, ఒకడు తాగుబోతు, ఒకడికి నోరు కంపు. నీకు మొగుడు దొరకాలంటే గోడ కూలాల్సి వచ్చిందా?"

"గోడ కూల్చింది నీ కొడుకే. వాడికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను."

చెంపమీద దెబ్బ పడింది. దుప్పటి కదిలింది.

"రాకు," అంది స్తమాతియా దుప్పటితో. దుప్పటి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే తాకిస్ వెంట గనుల ఇన్‌స్పెక్టరు గ్లెండా పాస్కో లోపలికి వచ్చింది. యాభై దాటిన మనిషి, బూట్లనిండా ఎర్రదుమ్ము. బల్లమీద గోధుమల్నీ, తల్లీకూతుళ్ళ మధ్య గాలినీ ఒక్క చూపులో లెక్క కట్టింది. దుప్పటి ఒక పక్కకి జరిపి కన్నంలోంచి టార్చి వేసింది.

"గుడ్ మార్నింగ్ మిస్టర్ షారిచ్."

"గుడ్ మార్నింగ్. కూర్చోమందామంటే మీరు ఏ ఇంట్లో ఉన్నారో తెలియడం లేదు."

ఆమె నవ్వలేదు. సంచీలోంచి పాత ఫైలు తీసింది. అంచులు పసుపెక్కాయి. "మిస్టర్ కరమిత్సోస్, అటునుంచి తవ్వారని మీ ఫిర్యాదు. సాక్షి?"

"మా అక్క," అన్నాడు తాకిస్. "కళ్ళారా చూసింది."

గ్లెండా పాస్కో ఫైలు తిరగేసి కళ్ళద్దాల పైనుంచి చూసింది. "స్తమాతియా కరమిత్సోస్. పదహారేళ్ళ కిందటి కేసులోనూ మీరే. మిస్టర్ షారిచ్‌కి మీరు ఆస్థాన సాక్షిలా ఉన్నారే! చెప్పండి. ఏం చూశారు?"

ఎవ్డోకియా మళ్ళీ గోధుమలు ఏరడం మొదలెట్టింది. ఒక గింజ, ఒక గింజ.

"మా తమ్ముడు ఇటునుంచి తవ్వడం చూశాను," అంది స్తమాతియా. "మూడు వారాలు. అమ్మ ఊరగాయ సీసాల కోసం. సీసాలు ఆరు. గదిలో ఒంటె పడుతుంది."

"అక్కా!"

"డ్రిల్లు స్నేహితుడి షెడ్డులో ఉంది, గోనెలో. రాయి కోసం తవ్వాడు. రాయి ఉత్త పోచ్. ఆ మాట వాడికి ఇప్పుడే తెలుస్తోంది."

తాకిస్ గోడదాకా పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టరు చూస్తుండగానే నాలుక చాచి రాయిని నాకాడు. మళ్ళీ నాకాడు. దుప్పటి అవతల ఎవరో దగ్గారు, నవ్వాపుకోడానికి.

"ఇంకొకటి," అంది స్తమాతియా. "ఆ ఫైల్లో ఉన్నది కూడా అబద్ధం. నేను అతన్ని చూడలేదు. ఎర్ర చొక్కా లేనేలేదు."

గ్లెండా పాస్కో పెన్ను ఆగింది. "తప్పుడు సాక్ష్యం చెప్పానంటున్నారు. దీని ఫలితం మీకు తెలుసా? ఈ ముక్క పోలీసులకి వెళుతుంది."

"వెళ్ళనీండి."

"అయితే ఆ రోజు గోతిలో దిగింది ఎవరు?"

"చెప్పావంటే," అంది ఎవ్డోకియా గింజల మీదనుంచి తలెత్తకుండా, "ఆదివారం ఈ గోధుమలు నువ్వు ముట్టడానికి వీల్లేదు. ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

స్తమాతియా లోపలి గదివైపు చూసింది. దీపం వెలుగులో తండ్రి నవ్వుతున్నాడు. తాళాలు ఇప్పించుకునే నవ్వు.

"అనెస్తిస్ కరమిత్సోస్," అంది. "మా నాన్న. సొంత భాగస్వామిని దోచుకున్నాడు. రంగు చూసి కేకెయ్యలేదు."

గ్లెండా పాస్కో రాసుకుంది. సంతకం చెయ్యమన్న చోట స్తమాతియా చేసింది.

"ఆ భాగస్వామి బతికున్నాడా?"

"వీధిలో, ఎదురు బెంచీ మీద. రోజూ అక్కడే కూర్చుంటాడు. కళ్ళు కనపడవు."

ఎవ్డోకియా ఏడవలేదు. చేట అందుకుని గోధుమబస్తా దగ్గరికి నడిచింది.

"తాకిస్, కుండలో నీళ్ళు పొయ్యి," అంది. "ఇంకో రెండు గుప్పిళ్ళు నానబెట్టాలి. ఇంట్లో ఇంకో మనిషి పోయింది."

*

స్తమాతియా కన్నం దగ్గరికి వెళ్ళింది. చేతిలో కప్పు ఉంది. ఇంకేమీ లేదు. దుప్పటి పైకెత్తి ఒక కాలు విరిగిన రాతిమీద వేసింది.

"ఇలా వద్దు," అన్నాడు వింకో.

మొట్టమొదటిసారి ఇద్దరూ ఒకరినొకరు సూటిగా చూసుకున్నారు. అతని చెంపమీద గడ్డం లేదు. ఇవాళ మంగళవారం కాదు.

"ఏం?" అంది. "ఇప్పుడు నువ్వు కూడానా?"

"ఎలుకలు వచ్చే దారి ఇది. నేను తిరిగేది వెనకనుంచి, ట్యాంకరువైపు, కానీ నాకు వీధి తలుపుంది. పదహారేళ్ళుగా దాన్ని ఎవరూ తట్టలేదు. వీధిలోంచి రా. అందరూ చూస్తుండగా రా. లేకపోతే కప్పు అక్కడ పెట్టి మీ అమ్మకి గింజలు ఏరిపెట్టు."

"ఇంత పొగరా?"

"ఊరు నేర్పింది."

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. తల్లి పక్కనుంచి, తమ్ముడి పక్కనుంచి నడిచి తలుపు తెరిచింది.

ఎండ కళ్ళలో పొడిచింది. కొండ చుట్టూ తలుపులే. ఇన్‌స్పెక్టరు బండి చూసి ప్రతి తలుపు ముందూ ఒక మనిషి, ఒక కాఫీ గ్లాసు, ఒక చెవి. గ్రీకు క్లబ్బు బెంచీ మీద స్తెలియోస్ తాత గడ్డం కింద కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. ఒడిలో ఎవ్డోకియా పంపిన రొట్టె, బట్టలో చుట్టి.

ఆమె ఇంటినుంచి అతని తలుపుకి ఇరవై అడుగులు. ఎవరో పళ్ళ సందున "ఎలుక ఇంటికా?" అన్నారు. ఇంకెవరో ఇకిలించారు. ఆమె ఆగలేదు. రంగు వెలిసిన రేకు తలుపు. గొళ్ళెం చుట్టూ సాలెగూడు.

తట్టింది.

"ఎవరది?" అన్నాడు లోపలినుంచి. ఎవరో తెలిసీ, వీధి చివరిదాకా వినిపించేలా.

ఆమె ఊపిరి పీల్చుకుంది. గోడలో రంగు కనిపించినప్పుడు గోతి అడుగునుంచి పైకి కేకేసే గొంతు ఒకటుంటుంది మావాళ్ళకి. తండ్రి ఎన్నడూ వాడని ఆ గొంతుతో కేకేసింది.

"స్తమాతియాని! నీ మీద అబద్ధం చెప్పినదాన్ని!"

కాఫీ గ్లాసులన్నీ గాల్లో ఆగిపోయాయి. బెంచీ మీద ముసలాయన తల మెల్లగా ఇటు తిరిగింది. కర్ర నేలకి తాటించి లేచాడు. ఒడిలోంచి రొట్టె దుమ్ములో పడింది.

"ఏ అబద్ధం, తల్లీ?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది. ఆమె వీపు వెనక, పదహారేళ్ళ తుప్పు కీచుమంటూ, గొళ్ళెం జరగడం మొదలైంది.